ఇంజిన్ వేడెక్కినా కంప్యూటరుకు చలి పోలేదు: ఒక మైలేజీ కేసు

ఈ కారు నా దగ్గరికి వచ్చేసరికే దాని మీద ఇద్దరి చేతులు పడ్డాయి. ఆక్సిజన్ సెన్సార్ కొత్తది, స్పార్క్ ప్లగ్గులు కొత్తవి, ఎయిర్ ఫిల్టర్ కొత్తది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కూడా విప్పి శుభ్రం చేయించారు. ఇంత జరిగినా మైలేజీ అంగుళం కదలలేదు. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్, మామూలు చేతి గేర్లు, వయసు 15 ఏళ్లు. డాష్‌బోర్డు మీద ఏ హెచ్చరిక దీపమూ వెలగడం లేదు.

మైలేజీ పడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో సగం నిలబడవు. పోయిన ఏడాది ఎంత వచ్చేదో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. డాష్‌బోర్డులో కనిపించే అంకెను పట్టుకుని వచ్చేవారు కొందరు. ఆ అంకె కొలత కాదు, అంచనా. ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుందో చూసి కంప్యూటర్ కట్టే లెక్క అది. ఇంజెక్టర్ కారుతున్నా, ఇంధన పీడనం పెరిగినా దానికి తెలియదు. కానీ ఈ కారు యజమానురాలు డాష్‌బోర్డును నమ్మే మనిషి కాదు. ట్యాంకు నింపిన ప్రతిసారీ ఓడోమీటర్ అంకె, పోసిన లీటర్లు, ఆ ట్యాంకు ఎక్కువగా ఎక్కడ ఖర్చయిందో చిన్న నోటుపుస్తకంలో రాసుకున్నారు. అలాంటి పుస్తకం చేతికి అందితే నాకు కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ దొరికినంత సంతోషం.

పుస్తకం చెప్పింది ఇది. నాలుగు నెలల కిందటి వరకు ఊళ్లో తిరిగిన ట్యాంకులకు లీటరుకు 15 కిలోమీటర్ల దాకా వచ్చేది. ఇప్పుడు 12.2. దూర ప్రయాణాల్లో 19 వచ్చేది, ఇప్పుడు 18.3. అంటే ఊళ్లో దాదాపు ఐదో వంతు పోయింది, పెద్ద రోడ్డు మీద పోయింది చాలా కొంచెం. కేసు సగం ఆ పేజీలోనే ఉందని ఇప్పుడు సులువుగా అంటున్నాను. ఆ రోజు మాత్రం ఆ తేడాను చూసి, తల ఊపి, పుస్తకం తిరిగి ఇచ్చేశాను.

ముందు మామూలు పరీక్షలు. నాలుగు టైర్లలో గాలి సరిగ్గా ఉంది. చక్రాలు పైకి లేపి తిప్పితే తేలిగ్గా తిరిగాయి, బ్రేకు పట్టేసిన జాడ లేదు. క్లచ్ జారడం లేదు. పెట్రోలు వాసన లేదు, కారడం లేదు. ఇవన్నీ కలిపి 20 నిమిషాల పని. ఈ 20 నిమిషాలు వెచ్చించకుండా సెన్సార్లు మార్చడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే.

స్కానర్ పెడితే లోపపు కోడ్ ఒక్కటీ లేదు. ఫ్యూయల్ ట్రిమ్ మాత్రం ఆగి చూడమంది. దీర్ఘకాలిక ట్రిమ్ మైనస్ 12 శాతం.

ట్రిమ్ సంగతి తెలియనివారికి రెండు మాటలు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఎంత గాలి లోపలికి వెళ్తోంది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది అన్నవి చూసి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ముందు ఒక లెక్క వేసుకుని పెట్రోలు పోస్తుంది. తర్వాత సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సార్‌ను అడుగుతుంది: ఎక్కువైందా, తక్కువైందా? అది చెప్పిన జవాబును బట్టి తన లెక్కకు తానే కోతో, చేర్పో వేసుకుంటుంది. ఆ కోత లేదా చేర్పే ట్రిమ్. ప్లస్ అంటే లెక్క కంటే ఎక్కువ పోస్తోంది, మైనస్ అంటే తక్కువ పోస్తోంది. రెండు వైపులా ఐదారు శాతం సర్వసాధారణం. పది దాటితే కారణం వెతకాలి.

మైనస్ 12 అంటే, మొదటి లెక్కలోనే ఎవరో 12 శాతం ఎక్కువ చెబుతున్నారు, ఆక్సిజన్ సెన్సార్ ఆ ఎక్కువను పట్టుకుని కోయిస్తోంది. ఇక్కడే ముందు చేసినవారి తప్పు కనిపిస్తుంది. ఆక్సిజన్ సెన్సార్ పాడై 'పెట్రోలు చాలడం లేదు' అని అబద్ధం చెబితే ఈసీయూ పెట్రోలు పెంచుతుంది, ట్రిమ్ ప్లస్ వైపు పోతుంది. మైలేజీని తినేది ఆ రకం అబద్ధమే. ఈ కారులో ట్రిమ్ మైనస్ వైపు ఉంది. అంటే సెన్సార్ తన పని తాను చేస్తోంది. గుర్తు చూడకుండా అంకె మాత్రమే చూస్తే నిర్దోషి మీద నేరం పడుతుంది.

ఆక్సిజన్ సెన్సార్ మీద అందరికీ అంత అనుమానం ఎందుకంటే, మైలేజీ చర్చ ఎక్కడ మొదలైనా మొదట వినిపించే పేరు దానిదే. 1976లో వోల్వో కార్లలో మొదలైన ఈ సెన్సార్ ఇప్పుడు లేని పెట్రోలు కారు లేదు. దాన్ని బాగు చేస్తే మైలేజీ 40 శాతం దాకా మెరుగుపడవచ్చని అమెరికా ప్రభుత్వ ఇంధన పొదుపు వెబ్‌సైటు రాసింది. 'దాకా' అన్న మాటను చాలామంది చదవరు. అది పూర్తిగా చచ్చిపోయిన సెన్సార్‌తో నడిచే బండి సంగతి. ఊళ్లో ఎక్కడ దొంగతనం జరిగినా పాత నేరస్తుణ్ణే పట్టుకొచ్చినట్టు, ప్రతి మైలేజీ కేసులోనూ దీన్నే విప్పుతున్నారు.

అయినా ముందు చేసిన మెకానిక్‌ను పూర్తిగా తప్పు పట్టలేను. ఆయన ఒక పరీక్ష చేసే దాన్ని తప్పుబట్టాడని బిల్లు మీది రాత చూస్తే తెలిసింది. 'యాక్సిలరేటర్ వదిలినప్పుడు సెన్సార్ వోల్టేజీ పడటం లేదు' అని రాసి ఉంది. ఈ రకం జిర్కోనియా సెన్సార్ బాగా వేడెక్కాక పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు దగ్గర, తక్కువైతే 0.1 వోల్టు దగ్గర చూపుతుంది. నడిమి గీత 0.45. వేగంగా పోతూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఈసీయూ ఇంజెక్టర్లను పూర్తిగా మూసేస్తుంది. బండి ఊపే ఇంజిన్‌ను తిప్పుతుంది కాబట్టి పెట్రోలు అవసరం లేదు. సైలెన్సర్‌లోకి వట్టి గాలి పోతుంది, సెన్సార్ సున్నా దగ్గరికి పడిపోవాలి. పడకపోతే సెన్సార్ మొద్దుబారిందని అనుకోవడం సహజమే.

నేనూ అదే పరీక్ష చేశాను. పక్క సీట్లో స్కానర్ పట్టుకుని మా కుర్రాడు, స్టీరింగ్ దగ్గర నేను. మూడో గేరులో 3000 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్లి కాలు తీశాను. వోల్టేజీ పడలేదు. 0.1కీ 0.8కీ మధ్య ఊగుతూనే ఉంది. కొత్త సెన్సార్‌తో కూడా పాత సెన్సార్ లాగే.

"ఇది కూడా చెడిపోయినదే ఇచ్చారేమో అన్నా" అన్నాడు కుర్రాడు.

"ఇంజెక్టర్ సమయం ఎంత చూపిస్తోంది?"

"1.6 మిల్లీసెకన్లు."

"కాలు తీశాక కూడానా?"

"కాలు తీశాకే చూస్తున్నాను."

సున్నా ఉండాల్సిన చోట 1.6. వోల్టేజీ పడకపోవడానికి కారణం సెన్సార్ కాదు, ఈసీయూ పెట్రోలు ఆపకపోవడం. లోపలికి పెట్రోలు పోతూనే ఉంటే సెన్సార్ ఊగక ఏం చేస్తుంది? అది నిజమే చెప్పింది. దాన్ని తీసి అవతల పారేశారు.

ఈసీయూ పెట్రోలు ఎందుకు ఆపడం లేదు? ఆపకపోవడానికి దానికి కొన్ని కారణాలు ఉంటాయి. వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని అది అనుకోవడం. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు ఆపి మళ్లీ మొదలుపెడితే తడబడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. అందుకే వేడెక్కే దాకా ఆ పొదుపును పక్కన పెట్టేలా రాసి ఉంటుంది. స్కానర్‌లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత వరుస చూశాను. 50 డిగ్రీలు. అప్పటికి మేం అరగంట నుంచి తిరుగుతున్నాం.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఉదయం, రాత్రంతా నిలిపిన బండిని స్టార్ట్ చేయకముందే నేను ఇదే వరుస చూశాను. లోపలికి వెళ్లే గాలి 27, కూలెంట్ 20 అని ఉంది. రాత్రంతా ఆరిన ఇంజిన్‌లో రెండూ దాదాపు ఒకటే ఉండాలి. ఏడు డిగ్రీల తేడాను చూసి, ఈ వయసు బండిలో ఆ మాత్రం ఉంటుందిలే అని వదిలేశాను. చల్లగా ఉన్నప్పుడు ఏడు డిగ్రీల తేడాగా కనిపించిన లోపమే వేడిలో 40 డిగ్రీల తేడాగా మారుతుందని నాకు తట్టలేదు. అది ఎందుకు మారుతుందో కింద చెబుతాను. ఈ కేసులో నాకు నచ్చిన భాగం అదే.

50 డిగ్రీలు చూసిన ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన థర్మోస్టాట్, అంటే కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే కవాటం, తెరుచుకుని ఇరుక్కుపోయిందని. కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్ గుండా తిరుగుతూ ఉంటే ఇంజిన్ నిజంగానే వేడెక్కదు. బానెట్ ఎత్తి, థర్మోస్టాట్ గూడు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గురిపెట్టాను. 58 అని చూపించింది. ఇంకేం, థర్మోస్టాటే అనుకుని స్పానర్ అందుకున్నాను కూడా.

పై గొట్టం మీద చేయి పెట్టిన కుర్రాడు మరుక్షణం చేయి లాక్కున్నాడు. 58 డిగ్రీల గొట్టం అంత కాలదు.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వేడిని తాకి చూడదు, వస్తువు వెదజల్లే కిరణాలను బట్టి అంచనా వేస్తుంది. మెరిసే అల్యూమినియం చాలా తక్కువ కిరణాలు వెదజల్లుతుంది, చుట్టుపక్కల ఉన్న చల్లదనాన్ని అద్దంలా ప్రతిఫలిస్తుంది. అందుకే వేడెక్కిన అలాంటి లోహం మీద ఆ పరికరం సాధారణంగా తక్కువే చూపుతుంది. ఇది నాకు తెలియని విషయం కాదు. అయినా చేతిలో తుపాకీ ఆకారపు పరికరం ఉంటే దాని మాట నమ్మాలనిపిస్తుంది. నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క ఒకటి గూడు మీద అతికించి, అది వేడెక్కే దాకా ఆగి, దాని మీద గురిపెట్టాను. 88. తాకి కొలిచే థర్మోకపుల్ పెట్టి చూస్తే 89. ఇంజిన్ ఆరోగ్యంగా 90 డిగ్రీల దగ్గర నడుస్తోంది. థర్మోస్టాట్ బాగుంది. ఈసీయూ ఒక్కటే 50 అనుకుంటోంది.

కోడ్ ఎందుకు రాలేదని అడిగేవారికి: 50 డిగ్రీలు అసాధ్యమైన అంకె కాదు. వైరు తెగిపోతే పీ0118, నేలకు తగిలితే పీ0117 వస్తాయి. వాటి మధ్యలో ఏ అంకె చెప్పినా ఈ పాత ఈసీయూ నోరు మూసుకుని నమ్ముతుంది. కొత్త కార్లలో 'ఇంత సేపు నడిచినా ఇంకా ఎందుకు వేడెక్కలేదు' అని ప్రశ్నించే పరీక్ష ఉంటుంది, పీ0128 వస్తుంది. అది వచ్చినప్పుడు చాలామంది నేరుగా థర్మోస్టాట్ మార్చేస్తారు. అదీ నేను ఇప్పుడే చేయబోయిన తప్పే.

యజమానురాలికి ఫోను చేసి కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సార్ పోయిందని చెప్పాను. కొత్తది తెప్పించాను. పాతది విప్పాక, అలవాటు కొద్దీ వేడి నీళ్ల గిన్నెలో ముంచి మల్టీమీటర్ పెట్టాను. ఈ సెన్సార్ లోపల ఉండేది వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే ముక్క. ఈ రకానిది 20 డిగ్రీల దగ్గర సుమారు 2500 ఓమ్‌లు, 50 దగ్గర 830, 80 దగ్గర 320, 90 దగ్గర 240 చూపాలి. నీళ్లు 80 డిగ్రీలు ఉన్నప్పుడు పాత సెన్సార్ 325 ఓమ్‌లు చూపించింది. ఇంకొంచెం కాచాను. 90 దగ్గర 242. అంతకంటే బాగా పనిచేసే సెన్సార్ ఉండదు.

పోయిందని చెప్పిన సెన్సార్ పోలేదని మళ్లీ ఫోను చేసి చెప్పడం అంత ఇష్టమైన పని కాదు. చెప్పాను.

ఇక మిగిలింది వైరు. పాత సెన్సార్‌నే మళ్లీ బిగించి, కనెక్టర్ పెట్టి, ఇంజిన్ వేడెక్కాక కనెక్టర్ వెనుక ఉన్న వైర్లను రెండు వేళ్లతో మెల్లగా కదిపాను. స్కానర్ మీద అంకెలు ఎగిరాయి: 50, 46, 61, ఒక్క క్షణం 84, మళ్లీ 49. ఆ 84 చూసినప్పుడు పడిన సంతోషం చెప్పలేను. మల్టీమీటర్ సన్న సూదులతో గ్రౌండ్ వైరు మీద వోల్టేజీ నష్టం కొలిచాను. సెన్సార్ పిన్నుకూ, అదే వైరు ఈసీయూకు చేరే చోటుకూ మధ్య దాదాపు సున్నా ఉండాలి. 1.06 వోల్టులు ఉంది. ఆ సర్క్యూట్‌లో పారేది రెండు మిల్లీఆంపియర్లు కూడా లేని కరెంటు. అంత సన్నటి కరెంటుకు వోల్టు పైన నష్టమంటే దారిలో 600 ఓమ్‌ల అడ్డు కూర్చుని ఉంది.

కనెక్టర్ వెనుక రబ్బరు సీలు లాగి చూస్తే పచ్చటి చిలుము. పిన్ను ముందు భాగం, కంటికి కనిపించే వైపు, తళతళలాడుతోంది. వైరును పిన్నుకు నొక్కి బిగించిన చోట మాత్రం రాగి పోగులు పచ్చటి పొడిగా మారాయి. పన్నెండు పోగుల్లో ఒకటో రెండో ఇంకా అంటుకుని ఉన్నాయి. దాని పైనే ఉన్న రేడియేటర్ గొట్టం బిగింపు నుంచి కూలెంట్ బొట్టు బొట్టుగా ఊరుతోంది. ఆ గొట్టం ఎప్పుడు మార్చారని అడిగితే యజమానురాలు పుస్తకం తిప్పి చెప్పారు: నాలుగు నెలల కిందట.

ఇప్పుడు ఆ ఏడు డిగ్రీల సంగతి. అడ్డుగా ఉన్న 600 ఓమ్‌లు చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా అంతే ఉంటాయి. చల్లటి ఉదయం సెన్సార్ నిరోధం 1900 దాకా ఉంటుంది. దానికి 600 కలిస్తే 2500, అంటే 27 బదులు 20 డిగ్రీలు. పెద్ద అంకెకు చిన్న కలగలుపు, కాబట్టి తేడా తెలియదు. ఇంజిన్ 90కి చేరాక సెన్సార్ 240 ఓమ్‌లు మాత్రమే. దానికి 600 కలిస్తే 840, అంటే 50 డిగ్రీలు. చిన్న అంకె మీద అదే 600 కొండంత. చల్లటి బండిలో రీడింగ్ చూసి సెన్సార్ సర్క్యూట్ బాగుందని తేల్చేవాళ్లందరూ, నాతో సహా, ఇక్కడే మోసపోతారు. ఉదయం ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి చూడాలి, రెండోసారి విడిగా కొలిచిన వేడితో పోల్చాలి.

పెట్రోలు ఎక్కడికి పోయిందన్నది అసలు ప్రశ్న. 'ఇంజిన్ చల్లగా ఉందనుకుంటే ఎక్కువ పెట్రోలు పోస్తుంది, అందుకే మైలేజీ తగ్గుతుంది' అన్న ఒక్క వాక్యంతో చాలామంది సరిపెడతారు. అది సగం నిజం కూడా కాదు. ఎక్కువ పోయాలన్న లెక్కను ఆక్సిజన్ సెన్సార్ పట్టుకుని 12 శాతం కోయించింది కదా. నిలకడగా ఒకే వేగంతో పోతున్నంతసేపూ మిశ్రమం సరిగ్గానే ఉంది. దూర ప్రయాణంలో 19 నుంచి 18.3కి మాత్రమే తగ్గడానికి కారణం అదే. మిశ్రమమే చెడి ఉంటే రెండు చోట్లా ఒకేలా పడేది. నోటుపుస్తకం మొదటి రోజే ఈ మాట చెప్పింది.

పోయింది వేరే దారుల్లో. ఆవిడ ఊళ్లో నడిపే తీరు అడిగి, నాతో పాటు నడిపించి చూసి, 100 కిలోమీటర్లకు ఒక లెక్క కట్టాను. సగటు వేగం గంటకు 18 కిలోమీటర్లు, అంటే ఐదున్నర గంటలు. అందులో రెండు గంటలు నిలబడి ఉండటమే. ఇంజిన్ చల్లగా ఉందనుకున్న ఈసీయూ ఐడిలింగ్‌ను 750 బదులు 1000 ఆర్‌పీఎం దగ్గర ఉంచింది. ఇంజిన్ పీల్చే గాలి సెకనుకు 2 గ్రాముల నుంచి 2.7 గ్రాములకు పెరిగింది. దాన్ని 14.7తో భాగించి లీటర్లలోకి మారిస్తే గంటకు 0.66 నుంచి 0.9. రెండు గంటలకు అర లీటరు అదనం. కాలు తీసి బండి దానంతట అది పోయే సమయం, బ్రేకు మీద కాలు ఉండే సమయం కలిపి సుమారు 50 నిమిషాలు. ఆ 50 నిమిషాలూ ఒక్క చుక్క ఖర్చు కాకూడదు. గంటకు 0.7 లీటర్ల చొప్పున పోసింది, దాదాపు 0.6 లీటర్లు. అర లీటరూ 0.6 లీటర్లూ కలిపితే 1.1.

లీటరుకు 15 అంటే 100 కిలోమీటర్లకు 6.7 లీటర్లు, 12.2 అంటే 8.2. తేడా ఒకటిన్నర లీటరు. లెక్కకు దొరకని ఆ మిగతా 0.4 ఎక్కడుందంటే, ఆవిడవి ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలు. వేడిగా ఉన్న ఇంజిన్‌ను ఆపి పది నిమిషాలకు మళ్లీ తిప్పిన ప్రతిసారీ చల్లటి ఇంజిన్‌కు పోసినంత పోసింది. యాక్సిలరేటర్ నొక్కిన ప్రతిసారీ చల్లటి ఇంజిన్‌కు ఇచ్చే అదనపు గుక్క ఇచ్చింది. ఆ గుక్క పడేంత వేగంగా ట్రిమ్ కోయలేదు. ఈ 0.4 నేను కొలిచింది కాదు, మిగిలినదాన్ని ఈ ఖాతాలో వేశాను.

మైలేజీ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టిన విషయం ఒకటి ఉంది. 600 ఓమ్‌ల అడ్డు ఉంటే ఇంజిన్ 110 డిగ్రీలకు పోయినా ఈసీయూకు కనిపించేది 53 దాటదు. రేడియేటర్ ఫ్యాన్‌ను ఈసీయూయే తిప్పే కార్లలో ఈ లోపం వస్తే ఏసీ వేయని రోజు ఫ్యాన్ తిరగదు, రద్దీలో ఇంజిన్ ఉడికిపోతుంది, వేడి మించిందని చెప్పే ఎర్ర దీపం కూడా వెలగదు. ఈ కారులో ఫ్యాన్‌కు రేడియేటర్ మీద విడిగా ఉష్ణ స్విచ్ ఉంది కాబట్టి బతికింది. ఎర్ర దీపానికి మాత్రం ఆ అదృష్టం లేదు, అది ఇదే సెన్సార్ మాట వింటుంది. నాలుగు నెలలు ఈ కారు హెచ్చరిక లేకుండా నడిచింది. ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని చెబుతూ వెలిగే నీలం దీపం ఎంతసేపటికి ఆరుతోందని అడిగాను. "ఈ మధ్య ఇంటి నుంచి బయలుదేరితే ఆఫీసు దాకా ఉంటోంది. చలికాలం కదా అనుకున్నాను" అన్నారు. ఆవిడ పుస్తకంలో ఇది ఒక్కటే రాసుకోలేదు.

మరమ్మతు గురించి రాయడానికి పెద్దగా లేదు. చిలుము పట్టిన మేర వైరు కోసేసి, కొత్త కనెక్టర్ ముక్క జోడించి, అతుకు మీద వేడికి ముడుచుకునే తొడుగు వేశాను. గొట్టం బిగింపు మార్చాను. అది మార్చకపోతే కొత్త కనెక్టర్‌కూ ఇదే గతి. తర్వాత ఈసీయూ నేర్చుకున్న ట్రిమ్‌లను చెరిపేశాను. ఇది మరిచిపోతే, లెక్క సరైపోయాక కూడా అది పాత అలవాటుగా 12 శాతం కోస్తూనే ఉంటుంది, కొద్ది రోజులు బండి తడబడుతుంది, కస్టమర్ తిరిగి వచ్చి మీరే చెడగొట్టారంటారు. తెప్పించిన కొత్త సెన్సార్ వెనక్కి పంపాను.

బాగైన రోజే మళ్లీ రోడ్డు మీదికి వెళ్లాం. కూలెంట్ 89. మూడో గేరు, 3000, కాలు తీశాను. ఇంజెక్టర్ సమయం సున్నా. ఆక్సిజన్ సెన్సార్ వోల్టేజీ జారుడుబల్ల మీంచి జారినట్టు 0.05కి పడిపోయింది. వారం తర్వాత ట్రిమ్ మైనస్ 2. ఊళ్లో తిరిగిన మూడు ట్యాంకులకు పుస్తకంలో వరసగా 14.6, 15.1, 14.9 అని రాశారు.

అంతకుముందే, కారు తీసుకెళ్లిన రెండో రోజు ఆవిడ ఫోను చేశారు. కాలు తీస్తే బండి కొంచెం వెనక్కి లాగినట్టు ఉందనీ, సిగ్నల్ దగ్గర ఇంజిన్ నీరసంగా ఆగిపోయేలా వినిపిస్తోందనీ, ఇదివరకు హుషారుగా ఉండేదనీ చెప్పారు. ఇప్పుడున్న శబ్దమే దాని సొంత గొంతు అనీ, వెనక్కి లాగినట్టు అనిపించేది పెట్రోలు ఆగడమేననీ వివరించాను.

"అయితే నాలుగు నెలలుగా నేను బ్రేకు తొక్కుతున్నప్పుడు కూడా అది పెట్రోలు పోస్తూనే ఉందా అండీ?"

"పోస్తూనే ఉంది" అన్నాను.